చిన్నమ్మ తలెత్తి చూడని బొమ్మ

మొన్న పొద్దున చాప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తుంటే తమ్ముడి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. పొద్దునపూట ఫోన్ మోగితే నాకు ముందు గుండె దడదడలాడుతుంది, ఆ తర్వాతే చెయ్యి కదులుతుంది. నర్సుగా ఉద్యోగం చేసినన్నాళ్ళూ అవతలివాళ్ళకు "ఏం కాదులే, భయపడొద్దు" అని పంచిపెట్టి పంచిపెట్టి నా వాటాకు ఒక్కటీ ఉంచుకోలేదని మా ఆయన ఎగతాళి చేస్తాడు. చింతపండు చేతులతోనే ఫోన్ ఎత్తాను. "అక్కా, నాయన బొమ్మ తీసేస్తాండారు" అన్నాడు తమ్ముడు. ఒక్క క్షణం ఆగి, "అదే, చిన్నాయన బొమ్మ" అని సర్దుకున్నాడు. మా ఇంట్లో ఈ సర్దుకోవడం కొత్తేమీ కాదు. ఆ బొమ్మ మిలిటరీలో చనిపోయిన మా చిన్నాయనది, ముఖం మాత్రం మా నాయనది. రోడ్డు వెడల్పు చేస్తున్నారనీ, బొమ్మ ఉన్న దిమ్మె అడ్డమొచ్చిందనీ, పాతదాన్ని పగలగొట్టేసి కొత్త బొమ్మ పెడతామని ఊళ్ళో అంటున్నారనీ చెప్పాడు. "చిన్నమ్మ ఎట్ల చెప్తే అట్ల చేస్తారంట. నువ్వొకసారి రాక్కా" అన్నాడు. చిన్నమ్మ అంటే ఆ చిన్నాయన భార్య. ఆ బొమ్మ పెట్టిన నాటినుంచి ఆనాటిదాకా ఆమె దాని ముఖం చూడలేదు.

మా ఊరు కంభానికీ గిద్దలూరుకూ మధ్య రోడ్డు మీద ఉంటుంది. ఊరి పేరు చెప్తే కండక్టరుకు అర్థం కాదు గానీ, "మిలిటరీ బొమ్మ కాడ ఆపు" అంటే ఎంత కొత్త కండక్టరైనా ఆపుతాడు. నాలుగు రోడ్లు కలిసే చోట ఎత్తు దిమ్మె, దాని మీద తుపాకీ పట్టుకుని నిలబడ్డ సిమెంటు జవాను. మా వైపు గొర్రెలు మేపుకునే ఇళ్ళలోనుంచి మిలిటరీకి పోయినవాళ్ళు చాలామందే ఉన్నారు. కొండల్లో ఎక్కి దిగిన కాళ్ళు కాబట్టి పరుగుపందెంలో వీళ్ళను మించినవాళ్ళు ఉండరని పెద్దవాళ్ళు చెప్పుకునేవాళ్ళు. మా చిన్నాయన కూడా అట్లాగే పోయాడు. మొదటి సెలవుకు వచ్చినప్పుడు అర్ధవీడు వైపు పల్లెనుంచి పిల్లను తెచ్చి పెళ్ళి చేశారు. రెండో సెలవుకు వచ్చాడు, పోయాడు. మూడోసారి ఆయన రాలేదు, టెలిగ్రాం వచ్చింది. శవం కూడా రాలేదు. ఆయన ఇనప ట్రంకుపెట్టె ఒకటి రైల్లో వచ్చింది. నేనప్పుడు చాలా చిన్నదాన్ని. ఆ పెట్టె తెరిచినప్పుడు వచ్చిన నాఫ్తలీను ఉండల వాసన తప్ప నాకేమీ గుర్తులేదు. ఇప్పటికీ ఎవరింట్లోనైనా బీరువా తెరిస్తే ఆ వాసనకు నాలుగడుగులు వెనక్కి వేస్తాను.

చిన్నమ్మకు పిల్లలు లేరు. పుట్టింటికి పొమ్మన్నా పోలేదు, మా ఇంటి వసారాలో ఒక గది తీసుకుని ఉండిపోయింది. ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి, లేకపోతే తర్వాత కథ అర్థం కాదు. చిన్నకోడలు తన మొగుడి అన్నకు ఎదురుపడదు. బావ వస్తుంటే లేచి పక్కకు తప్పుకోవాలి, కొంగు తలమీదికి లాక్కోవాలి, మాట్లాడాల్సి వస్తే తలుపు చాటునుంచి మాట్లాడాలి. ముఖంలోకి చూడడమన్నది అసలే లేదు. ఆయన వైపునుంచి కూడా దీనికి తగ్గ మర్యాద ఉంటుంది. మా నాయన ఇంట్లోకి వచ్చే ముందు దడి కాడే నిలబడి గట్టిగా దగ్గేవాడు, మరదలు తప్పుకోవడానికి వీలుగా. ఎంత దగ్గేవాడంటే, ఊరికి కొత్తగా వచ్చిన ఆరోగ్య కార్యకర్త ఆయన పేరు క్షయ అనుమానంలో రాసుకుని కళ్ళె పరీక్షకు డబ్బా ఇచ్చి పోయింది. "నాకు రోగం లేదమ్మా, మరదలుంది" అని నాయన చెప్పుకోవాల్సి వచ్చింది. అంత నిష్ఠగా ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా ఒకే కప్పు కింద బతికారు. ఒకరంటే ఒకరికి గౌరవం లేక కాదు, అంత గౌరవం ఉండబట్టే.

కొన్నేళ్ళు గడిచాక ఊరి పెద్దలకు జవాను బొమ్మ పెట్టించాలని బుద్ధి పుట్టింది. పక్క ఊళ్ళో ఎవరో నాయకుడి బొమ్మ పెట్టుకున్నారు, మన ఊళ్ళో దేశం కోసం పోయినవాడే ఉంటే మనం ఊరుకుంటామా అన్న పౌరుషం కూడా అందులో కొంత ఉంది. బొమ్మ చేసే ఆయన్ను పిలిపించారు. ఆయన చేతిపని డాబాల మీద సిమెంటు సింహాలు, గుడి గోపురాల మీద ద్వారపాలకులు. ఫోటో అడిగాడు. చిన్నాయనకు ఉన్నది ఒకటే ఫోటో, యూనిఫారంలో నిలబడి తీయించుకున్నది. వాళ్ళమ్మ, మా అవ్వ, దాన్ని గోడకు మేకు కొట్టి తగిలించింది. ఒక వానాకాలం మిద్దె కారి నీళ్ళు సరిగ్గా దాని మీదుగా దిగాయి. బూట్లున్నాయి, బెల్టుంది, చొక్కా గుండీలతో సహా ఉంది, మెడ పైన మాత్రం గోధుమరంగు మరక. బొమ్మలాయన దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, "బట్టలదాకా చేస్తాను, మొగం యాడనుంచి తేవాల" అన్నాడు. పెద్దలంతా మా నాయన వైపు చూశారు. "అన్నదమ్ములిద్దురూ ఒకటే మాదిరి గదా" అన్నారు. అంతే. తమ్ముడి కోసం ఆ మాత్రం చేయనా అని నాయన ఒప్పుకున్నాడు. పెద్దలందరూ మగవాళ్ళే కాబట్టి ఇందులో ఒక చిక్కు ఉందన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. బావ ముఖం చూడకూడదన్న నియమం వాళ్ళెవరూ ఎన్నడూ పాటించాల్సిన అవసరం రాలేదు మరి.

బడి వసారాలో కుర్చీ వేసి నాయన్ను కూర్చోబెట్టి బొమ్మలాయన ముఖం చేశాడు. అప్పటికి నాయనకు ముప్పై దాటి ఉంటాయేమో. కదలొద్దంటే ఊపిరి కూడా ఆపి కూర్చునేవాడు. ఇంట్లో మా అవ్వకు నిద్ర లేదు. బతికున్నవాడి ముఖంతో చచ్చినవాడి బొమ్మ చేయడమేందని ఆమె గోల. "ఒక కొడుకు పోయినాడు, ఇంకొకన్ని కూడా దిమ్మె మీద నిలబెడతాండారు" అని పొయ్యి దగ్గర కూర్చుని అనుకునేది. ఆ మాట నా చెవిన పడింది. చిన్నపిల్లకు పడకూడని మాట. అప్పట్నుంచీ నాకు అర్థమైనంతలో లెక్క ఇది: ఆ బొమ్మకు ఏమైతే నాయనకు అదవుతుంది. ఎవరూ నాకు అట్లా చెప్పలేదు, నేనే కట్టుకున్నాను. అంత గట్టిగా కట్టుకున్న ముడి తర్వాత నేను చదివిన ఏ చదువుతోనూ విప్పుకోలేకపోయాను.

బొమ్మను ఆవిష్కరించిన రోజు నాకు బాగా గుర్తుంది. మైకు, షామియానా, బడిపిల్లల వరసలు. ఎవరో పెద్ద నాయకుడు వచ్చాడు. చిన్నమ్మను ముందుకు తీసుకొచ్చి సరిగ్గా బొమ్మకు ఎదురుగా నిలబెట్టారు, వీరుడి భార్య కదా అని. నాయకుడు తాడు లాగాడు, గుడ్డ జారింది. చిన్నమ్మ తలెత్తింది. ఒక్క రెప్పపాటు చూసిందో లేదో, తలుపు చాటునుంచి లీలగా తెలిసిన ఆ పోలికకే చటుక్కున కొంగు తలమీదికి లాక్కుని, పక్కకు తిరిగి, తల దించేసింది. మైకులో మాట్లాడే ఆయన ఆగి, గొంతు బరువు చేసుకుని, ఆ తల్లి దుఃఖాన్ని చూడండని చెప్పాడు. చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. ఆడవాళ్ళ వైపు మాత్రం గుసగుస మొదలైంది. వాళ్ళకు సంగతి తెలిసిపోయింది. దిమ్మె పక్కన నాయన నిలబడి ఉన్నాడు, పైన అదే ముఖం. ఒక మనిషి రెండు చోట్ల ఉంటే మరదలు ఎటు తిరిగి నిలబడాలి? ఆ సాయంత్రం మా అమ్మ నాయన్ను నిలదీసింది. "మీ అందరికీ ఒక్క బుర్రన్నా లేకపాయెనా? దాని మొగుని బొమ్మను అది చూడకుండా చేసినారు గదా" అంది. నాయన గడప మీద కూర్చుని చాలాసేపు తన ముఖాన్ని తనే తడుముకున్నాడు.

ఆ తర్వాత చిన్నమ్మ బొమ్మ సెంటరు మీదుగా నడవడం మానేసింది. మా ఇంటినుంచి బస్సుకు పోవాలన్నా, అంగడికి పోవాలన్నా బొమ్మ ముందునుంచే పోవాలి. ఆమె వెనక సందులోనుంచి, బియ్యంమిల్లు గోడ పక్కగా, ముళ్ళకంపలు తప్పించుకుంటూ చుట్టు తిరిగి పోయేది. మోకాళ్ళు నొప్పులు వచ్చాక కూడా అంతే. ఎప్పుడైనా తప్పనిసరై రోడ్డు మీదుగా రావాల్సి వస్తే బొమ్మ దగ్గరకు రాగానే కొంగు కప్పుకుని, తల దించుకుని, అడుగు జోరు చేసేది. పండుగల్లో ఊరంతా దండ వేసి దండం పెడుతుంటే భార్య మాత్రం ఆ పక్కకు రాదు. తెలియనివాళ్ళు ఆమెకు మొగుడి మీద ప్రేమ లేదన్నారు. తెలిసినవాళ్ళు నవ్వుకున్నారు. ఎవరేమన్నా ఆమె పట్టించుకోలేదు. కానీ నాకు లోపల ఎక్కడో ముల్లు గుచ్చుకుని ఉండేది, మా నాయన ముఖం వచ్చి ఆమె మొగుడి చోటులో కూర్చుందని.

నాయనకూ ఆ బాధ ఉన్నట్టుంది. బొమ్మ బాగోగులు మొత్తం ఆయనే నెత్తికెత్తుకున్నాడు. ఆగస్టు పదిహేనుకు ముందూ, జనవరి ఇరవై ఆరుకు ముందూ నిచ్చెన వేసుకుని ఎక్కి, కాకిరెట్టలు గీకి, నీళ్ళతో కడిగి, రంగులు వేసేవాడు. వానకు బొమ్మ పెచ్చులూడితే సిమెంటు కలిపి పూసేవాడు. నేను కింద నిచ్చెన పట్టుకుని నిలబడేదాన్ని, నా అరచేతులు చెమటకు జారిపోతుండేవి. రంగులు వేసిన మర్నాడు దండ. ఆ దండ బొమ్మ మెడలో పడగానే నేను వెనక్కి తిరిగి నాయన ఉన్నాడో లేడో చూసుకునేదాన్ని. అవ్వ ఆ సాయంత్రం ఎండుమిరపకాయలు, ఉప్పు తీసుకుని నాయనకు దిష్టి తీసేది. నాయన నవ్వేవాడు గానీ, కదలకుండా నిలబడేవాడు. మిరపకాయల ఘాటుకు అందరం దగ్గుతుంటే, దగ్గు వచ్చింది కాబట్టి దిష్టి లేనట్టే కదా అని అడిగితే అవ్వ నన్ను కసిరేది. ఒక ఏడు వరిగడ్డి లారీ ఒకటి మరీ ఎత్తుగా వేసుకొచ్చి, తాడు తగిలి బొమ్మ ముక్కు విరగగొట్టి పోయింది. అదే వారంలో నాయనకు చలిజ్వరం వచ్చింది. అవ్వ, నేను ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. జ్వరం తగ్గగానే నాయన లేచి చేసిన మొదటి పని కొత్త ముక్కు పెట్టడం. అద్దం జేబులో వేసుకుని ఎక్కాడు. అయినా ముక్కు కొంచెం లావుగానే వచ్చింది, ఏటేటా రంగు పడి ఇంకొంచెం లావైంది.

నాకు పెళ్ళై మార్కాపురం వచ్చాను, ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. ఎందరికో సూదులు వేశాను, కుట్లు వేస్తుంటే దగ్గర నిలబడ్డాను, ప్రాణం పోతుంటే చెయ్యి పట్టుకున్నాను. అప్పుడు రాని భయం ఆగస్టు వస్తుందంటే వచ్చేది. నాయనకు డెబ్భై దాటినా నిచ్చెన మానలేదు. ఒకసారి నేను వెళ్ళేసరికి పైనే ఉన్నాడు, ఒక చేత్తో బొమ్మ భుజం పట్టుకుని, ఇంకో చేత్తో చెంపలకు రంగు వేస్తూ. ఇటు ముసలి మెడ, ముడతలు, వణికే చెయ్యి. పక్కనే నున్నగా అదే మనిషి, మీసం నల్లగా. "దిగు నాయనా, పడితే ఏం కావాల" అని నేను అరిచాను. "పైనుండేదీ నేనే, కిందుండేదీ నేనే, ఎవరు పడినా ఒకటేలేమ్మా" అన్నాడు. ఆ మాటకు చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, నిచ్చెన లాగేయాలన్నంత కోపం.

ఆయన నిచ్చెన మీదనుంచి పడలేదు. మంచం మీద, మామూలు ముసలితనంతో, నిద్రలో పోయాడు. ఆ తర్వాత వచ్చిన ఆగస్టులో బొమ్మకు దండ వేస్తుంటే నేను అక్కడే ఉన్నాను. ఈసారి వెనక్కి తిరిగి చూసుకోలేదు. భయపడడానికి ఇంకేమీ మిగలలేదని అప్పుడు తెలిసింది, అది తెలిసి ఇంకా ఎక్కువ ఏడ్చాను. అప్పట్నుంచి తమ్ముడు రంగులు వేస్తున్నాడు. వాడికి చేతికి ఏ రంగు దొరికితే అదే యూనిఫారం. ఒక ఏడు ఎరువుల కొట్టు తలుపులకు వేయగా మిగిలిన ఆకుపచ్చ వేశాడు, జవాను చిలకలాగా మెరిసిపోయాడు. నేను ఊరికి పోయినప్పుడల్లా బస్సు దిగి ముందు పైకి చూసేదాన్ని. ఇంట్లో నాయన ఫోటోలున్నాయి, అన్నీ ముసలితనంలోవే. నన్ను భుజాల మీద ఎక్కించుకుని గొర్రెల వెంట తిప్పిన నాయన ఆ దిమ్మె మీద తప్ప ఇంకెక్కడా లేడు.

కాబట్టి తమ్ముడి ఫోన్ రాగానే చింతపండు అట్లాగే వదిలేసి బయల్దేరాను. కంభంలో బస్సు మారి ఊళ్ళో దిగేసరికి సెంటరంతా ఎర్రమట్టి, జెండాలు కట్టిన కర్రలు, రెండు పక్కలా కూలగొట్టిన అరుగులు. బొమ్మ ఇంకా పైనే ఉంది. ఊళ్ళో ఈ పనులు చూసే కుర్రనాయకుడు ఒకడు మర్యాదగా ఎదురొచ్చాడు. "కొత్తది కంచుదే పెడదాం పెద్దమ్మా, ఈ సిమెంటుది లేపితే నిలబడేట్టు లేదు" అన్నాడు. సెల్లులో ఒక బొమ్మ చూపించాడు. మా నాయన ఫోటో తమ్ముడి దగ్గర తీసుకుని, వయసు తగ్గించి, మీసం తీసేసి, చిన్నాయన ఇట్లాగే ఉండుంటాడని కంప్యూటరు తయారు చేసిందంట. మచ్చ లేని చెంపలు, దువ్విన కనుబొమలు, పెళ్ళిచూపులకు వచ్చిన పిల్లవాడిలాగా ఉన్నాడు. నాకు నచ్చలేదు. నచ్చకపోవడానికి నాకున్న హక్కేంది? దానికి జవాబు చెప్పాల్సింది చిన్నమ్మ. ఇన్నేళ్ళూ ఆమె మొగుడి బొమ్మ మీద మా నాయన ముఖం ఉండి ఆమెను సందుల్లో తిప్పింది. ఇప్పుడు ఆమెకు ఆమె మొగుణ్ణి ఇస్తామంటుంటే, వద్దు, మా నాయన్నే ఉండనీ అని నేను ఏ నోటితో అడగను?

అడగలేదు. అన్నం తింటూ అడగలేదు, పక్కలు వేసుకుంటూ అడగలేదు. చిన్నమ్మ తన కంటి ఆపరేషన్ గురించి, నా మోకాళ్ళ గురించి, కంభం చెరువులో ఈ ఏడు నీళ్ళ గురించి మాట్లాడింది. నేను అన్నిటికీ ఊ కొట్టాను. పొద్దున్నే క్రేను వచ్చిందని కబురొచ్చింది. ముందు బొమ్మను కిందికి దించుతారు, పగిలిపోతే కొత్తదే, పగలకపోతే చిన్నమ్మ చెప్పినట్టు. "నువ్వు పోయి చూసుకో పాపా, నేను నిదానంగా వస్తా" అంది చిన్నమ్మ. అరవై దాటిన నన్ను ఇప్పటికీ పాపా అనేది ఆమె ఒక్కతే.

నేను పోయేసరికి పాదాల దగ్గర కోత మిషనుతో కోసేస్తున్నారు. సిమెంటు దుమ్ము లేచి బొమ్మ ముఖం కనిపించడం లేదు. ఒకడు పైకెక్కి ఇనపతాడు బొమ్మ మెడకు చుట్టబోయాడు. "మెడకు కట్టొద్దు" అని నాకు తెలియకుండానే నా నోట్లోనుంచి వచ్చింది. ఆ గొంతు నాదేనా అనిపించింది. క్రేను డ్రైవరు విసుక్కున్నాడు, నడుముకు కడితే జారిపోతుందన్నాడు. "జారితే జారనీ, మెడకు మాత్రం వద్దు నాయనా, నీకు దండం పెడతా" అన్నాను. తమ్ముడు వచ్చి నన్ను పక్కకు లాగాడు. చివరికి గోనెసంచులు చుట్టి, చంకల కిందుగా రెండు పట్టీలు వేశారు. తాడు బిగుసుకుంది. బొమ్మ కొంచెం ఒరిగింది. లోపల ఎక్కడో టక్కుమని శబ్దం వచ్చింది. నేను కళ్ళు మూసుకున్నాను. ఆసుపత్రిలో ఎన్నడూ మూయని కళ్ళు. ఎవరో "వచ్చె, వచ్చె, మెల్లగా" అంటున్నారు. చాలాసేపటికి కాళ్ళ కింద నేల అదిరినట్టైంది. తెరిచి చూస్తే నాయన ఇసుకబస్తాల మధ్య నేల మీద నిలబడి ఉన్నాడు. మెడ దగ్గర వెంట్రుకంత బీట. అంతే.

అప్పుడు చూశాను, చిన్నమ్మ వస్తోంది. సందులోనుంచి కాదు, నడిరోడ్డు మీదుగా, చేతికర్ర పట్టుకుని, మట్టికుప్పలు చూసుకుంటూ. జనం జరిగి దారిచ్చారు. బొమ్మ దగ్గరకు వచ్చేసరికి చెయ్యి అలవాటుగా కొంగు మీదికి పోయింది. అక్కడే ఆగిపోయింది. "బావ పోయినాడు గదా పాపా. ఇప్పుడు చూస్తే తప్పు లేదులే" అని, నన్ను అడిగిందో తనకు తనే చెప్పుకుందో, తలెత్తింది. దిమ్మె మీదనుంచి దిగాక బొమ్మ ముఖం ఆమె ముఖానికి జానెడు పైన ఉంది, అంతే. చూసింది. లావు ముక్కు చూసింది, మీసం చూసింది, తమ్ముడు వంకరగా దిద్దిన కనుబొమ చూసింది. ఆమె నోట్లోనుంచి ఏ మాట వచ్చినా అదే అవుతుంది.

"ఏంది పాపా, మా బావ ఇంత చిన్నపిల్లోడా?" అంది.

ఆమె దగ్గరికి పోయి చెంపమీది సిమెంటు దుమ్ము అరచేత్తో తుడిచింది. "ఎంతో పెద్దాయన అనుకుంటి. ఈ పిల్లోనికా నేను ఇన్నేండ్లు ముండ్లకంపల్లో పడి తిరిగింది" అని నవ్వింది. పళ్ళు లేని నోటితో, భుజాలు కదిలిపోయేట్టు నవ్వింది. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. కుర్రనాయకుడు ఇదే సమయమని సెల్లు ముందుకు పెట్టి, "పెద్దమ్మా, మీ ఆయన మొగం ఇట్ల చేయిస్తాం, చూసి చెప్పు" అన్నాడు. చిన్నమ్మ సెల్లు కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసి తిరిగి ఇచ్చేసింది. "ఆయన ఇట్లుండెనో లేదో నాకేం తెలుసు నాయనా. రెండు సెలవులకు వచ్చినాడు. ఆ కాలంలో మొగుని మొగం గూడా సరిగ్గా చూసేదాన్ని కాదు, సిగ్గు. ఇప్పుడు కండ్లు మూసుకుంటే భుజాలొస్తాయి, నడకొస్తుంది, మొగం రాదు. తెలియని మొగానికి నేనెట్ల దండం పెట్టేది? ఈయన్ను పగలగొట్టొద్దు. బడి గేటు పక్కన పెట్టండి, నీడుంటుంది" అంది. నేను తమ్ముడి భుజం పట్టుకున్నాను.

బొమ్మ ఇప్పుడు బడి గేటు పక్కనే ఉంది. మెడ బీటకు తమ్ముడు సిమెంటు పూశాడు, నాకు నమ్మకం లేదు, వానాకాలం వస్తే ఫోన్ చేసి అడుగుతూనే ఉంటాను. ఆ రోజు మాత్రం జనమంతా పోయాక కూడా చిన్నమ్మ ఇంటికి రాలేదు. ఇసుకబస్తా మీద కూర్చుని బొమ్మను అట్లాగే చూస్తూ ఉంది. నవ్వు పోయింది. నేను పక్కన కూర్చుంటే నా చెయ్యి పట్టుకుంది. "ఈయనే ఇట్లుంటే, మీ చిన్నాయన ఇంకెంత పసోడు పాపా, పోయేనాటికి" అంది. అని, ఏడ్చింది. టెలిగ్రాం వచ్చిన రోజు ఎట్లా ఏడ్చిందో నాకు తెలియదు, నాకు తెలిసిన ఇన్నేళ్ళలో ఆమె మొగుడి కోసం ఏడవడం అదే మొదటిసారి చూడడం. మొగుడి కోసం అనడం కూడా సరి కాదేమో, మిలిటరీకి పోయిన మనవడి కోసం ఏడ్చే అవ్వలాగా ఏడ్చింది. కాలం మనల్ని ముసలివాళ్ళను చేస్తుందని అందరికీ తెలుసు, దానికి నేను ఎప్పుడో సిద్ధపడ్డాను. పోయినవాళ్ళను మాత్రం ఏటికేడు ఇంకా చిన్నవాళ్ళను చేసి మన చేతుల్లో పెడుతుందని నాకు ఎవరూ చెప్పలేదు.